జానెడు ఖాళీ

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. "దుమ్ము పోలీసు" అంటే చాలు, పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా నేరుగా వెళ్ళి ఆ ఇంటి తలుపే తడతారు. మొదట్లో ఆ మాట వెనకాల అనుకునేవారు, తర్వాత మొహం మీదే అనేశారు. ఆమె కోపం తెచ్చుకోలేదు సరికదా, "పోలీసంటే మాటలా? జీతం లేకపోతేనేం, భయం ఉంది జనంలో" అని మురిసిపోయింది. ఎవరింటికి వెళ్ళినా ముందుగా కుర్చీలో కూర్చోదు. తిన్నగా వంటగదిలోకి నడిచి, ఫ్రిజ్ పక్కన అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి పట్టినట్టు కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత ఒకటే ప్రశ్న.

"దీన్ని వెనక్కి తిప్పి ఎన్నాళ్ళయింది?"

దానికి జవాబున్న ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ ఉండేది కాదు. "కొన్నరోజు పెట్టాం, మళ్ళీ ముట్టుకోలేదు" అని గొప్పగా చెప్పుకునే మహానుభావులు కూడా ఉన్నారు, అదేదో నోములా! అప్పుడామె నడుం బిగించి, ఫ్రిజ్‌ని బయటికి లాగించి, వెనకున్న గొట్టాల మీంచి దుమ్ము దులిపి, దాన్నంతా ఒక పాత న్యూస్‌పేపర్లో పోగుచేసి ఇంటివాళ్ళ ముందు పెట్టేది. "చూడండి, ఇదీ మీరు దానికి కప్పిన దుప్పటి" అనేది. వాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. మర్నాటి నుంచి ఫ్రిజ్ చప్పుడు తగ్గిందని వాళ్ళే వచ్చి చెప్పేవారు.

నవ్వకండి. ఆ దర్జా ఆమెకి ఊరికే రాలేదు. వీధి చివర ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టులో ఇరవై రెండేళ్ళు చాకిరీ చేసింది. చేరింది నేల ఊడవడానికి. కొట్టు నడిపే ముసలాయన్ని అందరూ గ్యాస్ తాత అనేవారు. ఒకరోజు ఆమె నేలతో పాటు ఒక పాత ఫ్రిజ్ వీపు కూడా ఊడుస్తుంటే చూసి, చీపురు లాక్కుని చేతిలో మూరెడు పొడవున్న సన్నటి బ్రష్షు పెట్టాడు.

"చూడమ్మా, ఈ పెట్టె చల్లదనం పుట్టిస్తుందనుకుంటారు జనం. పుట్టించదు. లోపలున్న వేడిని మోసుకొచ్చి, వెనకాల ఈ గొట్టాల్లోంచి బయట పారబోస్తుంది, అంతే. పారబోసే దారికి దుమ్ము అడ్డం పడిందనుకో, పాపం రొప్పుకుంటూ, రొప్పుకుంటూ ఒకరోజు చస్తుంది. జనం వచ్చి మోటారు పోయిందంటారు. పోలేదమ్మా, వీళ్ళే ఊపిరాడకుండా చేసి చంపారు!"

ఆ రోజు నుంచి కొట్టుకొచ్చిన ప్రతి ఫ్రిజ్ ముందు ఆమె చేతికిందికి వచ్చేది. పదింటిలో మూడు, తాత పానా తియ్యకముందే, ఆమె బ్రష్షుకే లేచి కూర్చునేవి. "నా పానా కంటే నీ బ్రష్షే ఎక్కువ రోగాలు కుదిర్చిందే" అని తాత ఒకసారి అన్నాడు. ఆయన అన్నది ఒక్కసారే, ఆమె వీధిలో చెప్పింది తక్కువలో తక్కువ వందసార్లు. చెప్పుకోదూ మరి! మెడలో వేసుకునే పతకమైతే కనపడుతుంది, ఇలాంటివి మనమే చెప్పుకోవాలి.

తాత పోయాడు, కొట్టు మూతపడింది. ఆమె ఇంటికి రెండు తెచ్చుకుంది. ఒకటి ఆ బ్రష్షు. రెండోది, చచ్చిపోయిందని ఎవరో కొట్టులో వదిలేసి వెళ్తే పంతొమ్మిదేళ్ళ కిందట ఆమే బతికించి, తాత దగ్గర అడిగి పుచ్చుకున్న పాత ఫ్రిజ్. అది అప్పటికే ఇంట్లో ఉండేదనుకోండి, కానీ కొట్టు మూసిన రోజునుంచి ఆమెకి అది మరీ ముద్దయిపోయింది. మూడు నెలలకోసారి, ఆదివారం పూట, దాన్ని బయటికి లాగి దులిపి, వెనక రేకు మీద పెన్సిల్‌తో తేదీ రాసేది. అలా డెబ్బై పైచిలుకు తేదీలు, కొలతబద్ద మీద గీతల్లా, ఒకదాని కింద ఒకటి.

ఇక ఆమె మొగుడు. వడ్రంగి. ఆయనకీ ఒక బిరుదుంది, నూలుపోగు మేస్త్రి అని. ఏ తలుపు బిగించినా, ఏ అల్మరా చేసినా, పని అయ్యాక జేబులోంచి ఒక నూలుపోగు తీస్తాడు. చెక్కకీ చెక్కకీ మధ్య అతుకులో దాన్ని దూర్చి చూస్తాడు. దూరిందా, "బాగానే ఉందయ్యా మహాప్రభో" అని ఇంటివాళ్ళు మొత్తుకున్నా వినడు, ఊడదీసి మళ్ళీ చేస్తాడు. దూరలేదా, మీసం కింద ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు కోసమే బతికాడాయన. దొందూ దొందే అనేవారు వీధిలో. ఆవిడ సందుల్లో దుమ్ము వెతుకుతుంది, ఆయన సందే లేకుండా చేస్తాడు!

ఈ రెండు గొప్పలూ ఒకే ఇంట్లో ముప్ఫై ఏళ్ళు పేచీ లేకుండా కాపురం చేశాయి. ఢీకొన్నది ఆ ఫ్రిజ్ దగ్గరే.

ఊరందరికీ అల్మరాలు చేసిన మనిషి ఇంట్లో గిన్నెలు గోడమేకులకి వేలాడేవి. ఆమె సాధించగా సాధించగా, ఒక ఏడాది దసరా వెళ్ళగానే ఆయనకి బుద్ధి పుట్టింది. మంచి ముదురు కర్ర తెచ్చి, వంటగది గోడంతా అల్మరా కట్టాడు. మధ్యలో ఫ్రిజ్‌కో గది. వెనక చెక్క, పక్కలా చెక్క, పైన చెక్క, ముందు పైనా పక్కలా సన్నటి చెక్కపట్టీ వేసి జిగురుతో బిగించేశాడు. చూస్తే ఫ్రిజ్ ఆ గోడలోనే మొలిచిందనుకోవాలి.

కొలతలు తీసేటప్పుడే ఆమె అంది. "ఏమయ్యా, వెనక జానెడు, పైన బెత్తెడు వదులు. దానికి గాలాడాలి."

"జానెడా?" ఆయన గుండె మీద చెయ్యేసుకున్నాడు. "జానెడు సందు వదిలితే చూసినవాళ్ళు ఏమంటారే? నూలుపోగు మేస్త్రి ఇంట్లో ఎలకలు కాపురం పెట్టాయంటారు."

ఆమె అంతటితో ఊరుకునే మనిషి కాదు. కానీ పని అయిన రోజున ఆయన జేబులోంచి నూలుపోగు తీశాడు. ఫ్రిజ్ పైనా, రెండు పక్కలా దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. అప్పుడు వెనక్కి తిరిగి ఆమె వైపు చూసి నవ్వాడు, మీసం కింది ఆ నవ్వు. ముప్ఫై ఏళ్ళలో ఆ నవ్వు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో నవ్వాడు గాని, సొంతింట్లో నవ్వడం అదే మొదటిసారి. ఆమె నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

మూడు నెలలు గడిచాయి. బ్రష్షు మేకుకి వేలాడుతూ ఆమె వంక చూసేది. ఫ్రిజ్ బయటికి రావాలంటే ఆ పట్టీ పగలాలి. ఆ పట్టీ పగలాలంటే ఆ నవ్వు పగలాలి. వచ్చే నెల చూద్దాంలే అనుకుంది. ఇంకో మూడు నెలలూ అలాగే పోయాయి. వీధిలో మాత్రం మామూలే, "వెనక్కి తిప్పి ఎన్నాళ్ళయింది?" అని అందరినీ నిలదీస్తూనే ఉంది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను వెళ్ళి కుడితిలో పడిందట! ఆ సామెత ఎవరో తనకోసమే కట్టారేమోనని ఆమెకి చాటుగా అనిపించేది.

అల్మరా కట్టిన ఏడో నెలలో రెండు వచ్చాయి, ఎండాకాలమూ, మనవరాలూ. ఎండాకాలం టైముకే వచ్చింది. మనవరాలే తొందరపడి రెండు నెలల ముందు వచ్చేసింది. కిలో మీద పావు, అంతే బరువు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చుక్కా చుక్కా పాలు పట్టాలి, అదీ తల్లి పాలే అయితే మంచిదన్నారు. కోడలు ఇంట్లో ఉండి, చేతిపంపుతో పాలు తీసి, చిన్నచిన్న కవర్లలో పోసి, తేదీ రాసి ఫ్రీజర్లో గడ్డ కట్టించేది. బస్సు నడిపే కొడుకు మధ్యాహ్నం వచ్చి, ఆ రోజుకి సరిపడా కవర్లు ఐసు డబ్బాలో పెట్టుకుని వెళ్ళి నర్సుకి ఇచ్చేవాడు. ఒకసారి కరిగిన పాలు ఆ రోజే వాడెయ్యాలి, మళ్ళీ గడ్డ కట్టించకూడదని ఆ నర్సు పదేపదే చెప్పింది.

అంతా ఒక దారిన పడుతోందనుకుంటుండగా కోడలికి జ్వరం. ఇచ్చిన మందులు గట్టివి, అవి వాడినన్నాళ్ళూ, అంటే ఐదు రోజులు, తీసిన పాలు బిడ్డకి పట్టొద్దన్నారు. ఫ్రీజర్లో ముప్ఫై నాలుగు కవర్లున్నాయి. లెక్కేసుకుంటే సరిగ్గా సరిపోతాయి. అంటే ఆ ఐదు రోజులూ ఆ పసిగుడ్డు ప్రాణం ఆ ఫ్రీజర్లో ఉందన్నమాట.

మూడోరోజు పొద్దున పది కూడా కాలేదు, ఎండ అప్పుడే గుమ్మం దాటి లోపలికొచ్చేసింది. కోడలు కవర్లు చూసుకోవడానికి ఫ్రీజర్ తెరిచింది.

"అత్తయ్యా... ఒకసారి ఇటు రండి. ఇది మెత్తగా ఉందేంటి?"

తలుపు పక్కనున్న రెండు కవర్లు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. ఆమె అలవాటుగా అరచెయ్యి ఫ్రిజ్ పక్కన ఆనించబోతే అక్కడ ఫ్రిజ్ ఎక్కడుంది, చెక్క ఉంది. ఆ చెక్కే వెచ్చగా కాగుతోంది. లోపల మోటారు ఆగకుండా రొప్పుతోంది. ఆమెకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అయినా మనిషన్నాక ఆశ ఉంటుంది, ఎవరో ఇచ్చిన మెకానిక్ నంబరుకి ఫోన్ చేసింది.

"ఎన్నేళ్ళదమ్మా?"

"పంతొమ్మిదేళ్ళుగా నా దగ్గరుంది. అంతకుముందు వేరేవాళ్ళది."

అటునుంచి పకపకా నవ్వు. "ఇంకేముందమ్మా, కంప్రెసర్ పోయుంటుంది. కొత్తది కొనుక్కోండి. కాదంటే రేపు సాయంత్రం వచ్చి చూస్తా."

"చూడకుండానే చంపేశావా నాయనా! నువ్వు రావద్దులే" అని పెట్టేసింది.

పక్కింటికి తాళం. ఎదురింటివాళ్ళ ఫ్రీజర్ తలుపే సరిగ్గా పడదు, తాడేసి కడతారు. మిగతా ఇళ్ళల్లో ఈ ఎండకి చీటికీ మాటికీ ఫ్రీజర్ తలుపు తీస్తారు, నమ్మలేం. ఎదురింటావిడ మాత్రం పాపం పరుగున వెళ్ళి కొట్లోంచి ఐసు తెచ్చింది. కవర్లన్నీ ఐసు డబ్బాలోకి సర్ది, దుప్పటి చుట్టారు. సాయంత్రం దాకా ఆగుతుంది, ఆ పైన పూచీ లేదు. కోడలు ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది.

"నా దగ్గర ఇంకేం లేదు అత్తయ్యా. దాన్ని ఎత్తుకోనివ్వరు, పక్కలో వేసుకోనివ్వరు. ఈ పాలొక్కటే ఇవ్వగలిగాను. ఇవీ పోతే నేనేం తల్లిని?"

"నోర్ముయ్" అంది ఆమె. "పోనిస్తానా? నేను బతికుండగా పోనిస్తానా? లే, మొహం కడుక్కో."

మొగుడికి ఏడుసార్లు ఫోన్ చేసింది. రెండు వీధుల అవతల ఎక్కడో కర్ర కోస్తున్నాడు, ఆ రంపం మోతలో వినపడితేగా! ఇంక ఆగలేదు. పైన మెయిన్ ఆపేసింది. వసారాలో ఆయన పని బల్ల మీద, గుడ్డలో చుట్టిన ఉలులుంటాయి. వాటిని కన్నకొడుకుని కూడా ముట్టుకోనివ్వడు. ఆమె వాటిలో పెద్దది తీసుకుని, ఫ్రిజ్ ముందు నిలబడి, ఆ నున్నటి పట్టీ కింద ఆనించి సుత్తితో ఒక్కటిచ్చింది. చెక్క చీలింది. తన ఒళ్ళే చీలినట్టయింది ఆమెకి. రెండోదెబ్బ వేసింది.

మూడోదెబ్బకి చెయ్యెత్తేసరికి గుమ్మంలో ఆయన. ఏడు మిస్డ్ కాల్స్ చూసి, పిల్లకేమైందోనని చొక్కా నిండా పొట్టుతో పరిగెత్తుకొచ్చాడు. చీలిన పట్టీని చూశాడు. ఆమె చేతిలో ఉలిని చూశాడు.

"తిట్టాలనుంటే తర్వాత తిట్టు" అంది ఆమె. "పిల్ల పాలు కరిగిపోతున్నాయి. దీనికి ఊపిరాడట్లేదు."

ఆయన దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. "అలా పట్టుకుంటే వేలు తెగుతుందే. ఇటివ్వు."

మూడు పట్టీలూ ఆయనే ఊడదీశాడు. ఊడతాయా! తన జిగురు, తన బిగింపు. తన పని ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది ఆయనకి, చెమటతో. కింద తడిగుడ్డ వేసి, ఇద్దరూ చెరోవైపు పట్టి ఫ్రిజ్‌ని బయటికి లాగి తిప్పారు.

వెనక గొట్టాలేవీ కనపడలేదు. నల్లటి కంబళి ఒకటి కనపడింది. దాని మీద లేత పసుపు రంగులో మెత్తటి పొడి. ఆయన వేలితో తీసి చూశాడు. రంపం పొట్టు. వసారాలో ఆయన కోసిన ప్రతి కర్రా, ఫ్రిజ్ కాళ్ళ కింది సందులోంచి దూరి, ఇక్కడికొచ్చి చేరింది.

"పొట్టు నీది" అంది ఆమె. "చూసుకోని పాపం నాది. ఆ టార్చి పట్టుకో."

అక్కడినుంచి ఆమె రాజ్యం. బ్రష్షు మేకు మీంచి దిగింది. పైనుంచి కిందికి, గొట్టం వెంబడే, అడ్డంగా కాదు. అడ్డంగా రుద్దితే సన్నటి తీగలు వంగుతాయి. నొక్కితే దుమ్ము లోపలికి పోతుంది, అందుకని పసిబిడ్డ తల దువ్వినట్టు తేలిగ్గా. మూలల్లో ఇరుక్కున్నదాన్ని సైకిల్ పంపుతో ఊదింది. తడిగుడ్డ చివర్లో, అదీ గట్టిగా పిండి, మోటారు జోలికి పోకుండా. మేస్త్రి టార్చి పట్టుకుని, "ఇక్కడుంది, ఇక్కడుంది" అంటూ చూపిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె పనిని ఆయన దగ్గరుండి చూడటం అదే మొదలు. కాసేపటికి చూపించడం మానేసి ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

న్యూస్‌పేపర్లో దుమ్ము పిడికిళ్ళ కొద్దీ పోగయింది. గొట్టాలు మళ్ళీ గొట్టాల్లా కనిపించాయి.

"ఇంక వెయ్యండి అత్తయ్యా!" అంది కోడలు.

"ఉండమ్మా. పది నిమిషాలు. తాత మాట. అది కూడా ఊపిరి పీల్చుకోవాలిగా."

ఆ పది నిమిషాలూ ముగ్గురూ గోడ గడియారం కింద నిలబడ్డారు. మధ్యలో ఆమె తలుపు చుట్టూ ఉన్న రబ్బరు తుడుస్తూ మొగుడి జేబులో చెయ్యి పెట్టి నూలుపోగు లాగింది. మూసిన తలుపు రబ్బరుకీ పెట్టెకీ మధ్య దూర్చి చూసింది. దూరలేదు.

"చూశావా? నీ నూలుపోగు దూరకూడనిది ఇక్కడయ్యా. వెనకాల మాత్రం నా చెయ్యి దూరాలి."

ఆయన తలూపాడు. మెయిన్ వేశారు. మోటారు గుర్రుమంది, సర్దుకుంది. ఆమె వెనకాల గొట్టాల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"వస్తోంది!" అని అరిచింది. "వేడి బయటికొస్తోంది!"

పన్నెండింటికి కొడుకొచ్చాడు. నర్సుకి ఫోన్ చేస్తే, మెత్తబడిన రెండూ ముందు తెమ్మంది, ఇవాళే పట్టేస్తామంది. ఒక్క చుక్క నేలపాలు కాలేదు. మిగతావి డబ్బాలో ఐసు కిందే ఉన్నాయి. ఫ్రీజర్లో పెట్టిన గిన్నెడు నీళ్ళ మీద రెండింటికి పొర కట్టింది, నాలుగున్నరకి రాయిలా అయింది. అప్పుడు కోడలు డబ్బా విప్పి కవర్లు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటూ లోపల పేర్చింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. అప్పటికి గాని ఏడవలేదు ఆ పిల్ల. అత్త భుజం మీద తల పెట్టుకుని బావురుమంది. దుమ్ము పోలీసు కూడా ఏడ్చింది, పోలీసులు ఏడవకూడదని ఎక్కడైనా రాసుందా?

కాసేపటికి మోటారు ఆగింది. వంటగది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అది ఆగి ఎన్ని వారాలయిందో అప్పుడు తెలిసింది వాళ్ళకి.

మేస్త్రి చెవి మీంచి పెన్సిల్ తీసి ఆమెకిచ్చాడు. ఆమె ఫ్రిజ్ వెనక రేకు మీద ఆ రోజు తేదీ రాసింది. ఆయన వంగి పై తేదీ చదివాడు. వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టాడు.

"ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావే? మూసుకునేదానివి కాదుగా."

"నూలుపోగు దూర్చి చూసి నవ్వావు చూడు, ఆ రోజు" అంది ఆమె. "ఆ నవ్వు చూసి."

ఆయన మర్నాడు పనికి పోలేదు. ముదురు కర్ర వెనక చెక్కని రంపంతో తనే కోసి తీసేశాడు. పైన చెక్కలో వరసగా సందులు తొలిచాడు. ఫ్రిజ్‌ని లోపల పెట్టి, ముందు పట్టీ వెయ్యకుండా, వెనక జానెడు వదిలాడు. ఇకమీదట కర్ర కోత పెరట్లోనే అన్నాడు. చివర్న జేబులోంచి నూలుపోగు తీసి పై సందుకి కట్టాడు. మోటారు నడిచేసరికి వెచ్చటి గాలికి ఆ పోగు పైకి లేచి ఊగింది. మీసం కింద నవ్వొచ్చింది ఆయనకి. ముప్ఫై ఏళ్ళలో నూలుపోగు దూరినందుకు నవ్వడం అదే మొదటిసారి.

ముప్ఫై ఎనిమిదో రోజున మనవరాలు ఇంటికొచ్చింది, రెండు కిలోల మీద ఇంకో పిడికెడు బరువుతో. దానికి మూడో నెల వచ్చాక, నాన్నమ్మ భుజం మీదెక్కి వంటగదిలో అది చూసేది ఒక్కటే, ఊగే ఆ నూలుపోగుని.

ఆ తర్వాత ఒక పెద్దింటివాళ్ళు మేస్త్రిని పిలిచారు. వంటగదిలో ఫ్రిజ్‌కి అల్మరా కావాలి, మీరు చేస్తే నూలుపోగు కూడా దూరదట కదా, అలా చెయ్యాలి అన్నారు. ఆయన టేపు తియ్యలేదు.

"కొలత రేపిస్తానండి" అన్నాడు. "మనిషిని తీసుకురావాలి."

మర్నాడు ఆమెని వెంటబెట్టుకు వెళ్ళాడు. "మా ఆవిడ. ఈ పనిలో నాకు మేస్త్రి" అని చెప్పి, ఆమెని గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఏదీ, చెయ్యి పెట్టు."

ఆమె గోడకి అరచెయ్యి ఆనించి, బొటనవేలూ చిటికెనవేలూ సాగదీసి జానెడు పరిచింది. ఆయన చెవి మీంచి పెన్సిల్ తీసి, ఈ కొసనొకటి, ఆ కొసనొకటి, రెండు గీతలు గీశాడు.

"ఇంత వదలాలండి" అన్నాడు ఇంటివాళ్ళతో. "ఇందులో వెంట్రుకవాసి తగ్గినా నేను పని చెయ్యను."